ఆ ఎర్రచుక్కను చంపకండి

నిరుడు వేసవిలో బెంగళూరు బెళ్ళందూరులో మా చెల్లెలి కొడుకు సైకిల్ మీంచి పడ్డాడు. ఎనిమిదేళ్ళవాడు. పైవరస ముందు పన్ను సగానికి విరిగింది. విరిగినచోట ఆవగింజంత ఎర్రచుక్క. అదే లోపలి గుజ్జు, ఆ పంటి ప్రాణం. గంట తిరక్కుండా ఒక క్లినిక్‌లో తీర్పు చెప్పేశారు: "నరం తీసేసి క్యాప్ వేద్దామండీ."

ఎందుకు తీయాలి? ఆ వయసుకు పంటి వేరు ఇంకా పూర్తికాదు. ఎక్స్‌రేలో దాని కొస బూరామూతిలా తెరుచుకునే ఉంటుంది. ఆ గోడలు కట్టాల్సింది లోపలి గుజ్జే. మేస్త్రీని చంపేశాక ఇల్లెవరు కడతారు? గోడలు పల్చగా మిగిలిపోయి, రేపు చిన్న దెబ్బకే పన్ను పుటుక్కుమంటుంది. ఇది కొత్త సంగతేం కాదు. స్వీడన్‌లో స్వెక్ అనే పళ్ళ డాక్టరు 1978లోనే, ఇలా విరిగిన 60 పళ్ళలో పైపై గుజ్జు మాత్రం తీసి కాల్షియం హైడ్రాక్సైడ్ పెడితే 96 శాతం మానాయని చూపించాడు.

గుజ్జు చచ్చిపోయినా దారి ఉంది. 2004లో అమెరికాలో బాంక్స్, ట్రోప్ అనే డాక్టర్లు ఓ పదకొండేళ్ళ పిల్లవాడి పంటిలో చీము కడిగి, మందు పెట్టి, ఆపైన సూదితో వేరు కొస దాటి గుచ్చి నెత్తురు రప్పించారు. ఆ గడ్డ మీద సిమెంటులాంటి మందుతో మూసేశారు. ఆగిపోయిన వేరు మళ్ళీ పెరిగింది. అలా పుట్టేది అచ్చమైన గుజ్జు కాదు, చాలాసార్లు ఎముకలాంటి కణజాలం. కానివ్వండి! పన్ను నిలబడుతుంది కదా. కానీ అది అచ్చమైన గుజ్జు కాదన్న మాట అమ్మానాన్నలకు ముందే చెప్పకపోవడం అన్యాయం.

మా చెల్లెలి అపార్ట్‌మెంట్ కిందే ఓ ఆదివారం బల్ల వేసుకుని, ఊడిన పాలపళ్ళను మూలకణాల 'బ్యాంకు'లో దాచమని కరపత్రాలు పంచారు. వేలకు వేలు ఫీజు. బొడ్డుతాడు రక్తం తప్ప ఇలాంటివేవీ వ్యాపారంగా దాచడానికి వీల్లేదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లోనే చెప్పింది. ఊడిన పంటికి ఇంత ఆశ అమ్ముతూ, నోట్లో బతికున్న పంటిని గంటలో చంపేస్తారా?

క్లినిక్‌లో కుర్చీ ఎక్కించే ముందు అడగండి: "వేరు పూర్తయిందా? గుజ్జు బతికుందా?" జవాబివ్వకపోతే లేచి వచ్చేయండి. మేం వచ్చేశాం. పిల్లల పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తే, ఆవిడ పైపైనే తీసి మూసింది. మొన్నటి ఎక్స్‌రేలో బూరామూతి సన్నబడింది.