వెయ్యి మంది యూజర్లా? ఒకే యూజర్ వెయ్యిసార్లా?

రెజ్యూమెలో ‘జేమీటర్‌తో లోడ్ టెస్టింగ్’ అని కనిపిస్తే ఇంటర్వ్యూలో నేను తప్పకుండా ఒక ప్రశ్న అడుగుతాను. ‘ఎంతమంది యూజర్లతో టెస్ట్ చేశారు?’ ‘వెయ్యి మందితో సార్’ అని టక్కున జవాబొస్తుంది. ‘ఆ వెయ్యి మందీ ఏ యూజర్‌నేమ్‌తో లాగిన్ అయ్యారు?’ అంటే మాత్రం చాలామంది తడబడతారు. స్క్రిప్టులో ఉన్నది ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డ్ మరి! వాళ్లు వెయ్యి మందితో టెస్ట్ చేయలేదు. ఒక్క మనిషినే వెయ్యిసార్లు సర్వర్ ముందు నిలబెట్టారు.

ఈ తేడా చిన్నదేం కాదు. మనందరికీ తెలిసిన ఇంటర్ ఫలితాల రోజునే తీసుకోండి. టీవీలో స్క్రోలింగ్ రాగానే లక్షల మంది ఒకేసారి హాల్‌టికెట్ నంబరు కొడతారు. ఫోన్‌లో చక్రం తిరుగుతూనే ఉంటుంది. అలాంటి సైట్‌ను ముందే పరీక్షించే పని మీకు అప్పగించారనుకుందాం. ఒకే హాల్‌టికెట్ నంబరు పెట్టి వెయ్యిసార్లు పంపితే ఏమవుతుంది? మొదటిసారి సర్వర్ డేటాబేస్‌లో వెతుకుతుంది. సైట్‌కు క్యాష్ ఉంటే, ఆ తర్వాత అదే జవాబును అక్కడి నుంచే తీసి ఇచ్చేస్తుంది. రిపోర్టులో అంతా పచ్చగా కనిపిస్తుంది. అసలు రోజున వచ్చే ప్రతి నంబరూ వేరు. ప్రతిసారీ డేటాబేస్ తలుపు తట్టాల్సిందే. అప్పుడు బయటపడుతుంది అసలు సంగతి.

వేరియబుల్‌తో మొదలు

దీనికి మందు వేరియబుల్. జేమీటర్‌లో ‘సీఎస్‌వీ డేటా సెట్ కాన్ఫిగ్’ అనే భాగం ఉంది. టెస్ట్ డేటాబేస్‌లో పెట్టిన వెయ్యి నంబర్లను ఒక ఫైల్‌లో రాసి దానికి చూపిస్తే, ఒక్కో యూజర్‌కు ఒక్కో వరుస ఇస్తూ పోతుంది. ఇది సగం పనే. లాగిన్ అయ్యాక సర్వర్ ఇచ్చే టోకెన్ ప్రతిసారీ మారుతుంది. నిన్న రికార్డ్ చేసిన టోకెన్ ఇవాళ చెల్లదు. అందుకే వచ్చిన జవాబులోంచి టోకెన్‌ను ఎక్స్‌ట్రాక్టర్‌తో పట్టుకుని, వేరియబుల్‌లో దాచి, తర్వాతి రిక్వెస్ట్‌లో వాడాలి. కంపెనీల్లో దీన్నే కోరిలేషన్ అంటారు. రికార్డ్ బటన్ నొక్కడం ఎవరైనా ఒక పూటలో నేర్చుకుంటారు. కోరిలేషన్ చేయగలిగినవారికే విలువ.

కండిషన్ లేకపోతే గుడ్డెద్దే

టోకెన్ దొరకలేదనుకోండి. కండిషన్ లేని స్క్రిప్ట్ గుడ్డెద్దు చేలో పడ్డట్టు ముందుకు పోతూనే ఉంటుంది. లాగిన్ కాని యూజర్‌తో మెమో డౌన్‌లోడ్ చేయిస్తుంది. తప్పు జరిగింది ఒక్కచోట, రిపోర్టులో కనిపించేవి పది ఎర్రర్లు. ‘టోకెన్ ఉంటేనే ముందుకెళ్లు, లేకపోతే ఇక్కడే ఆగు’ అని ఇఫ్ కంట్రోలర్‌తో చెప్పాలి.

అంతకంటే ప్రమాదకరమైనది ఇంకోటుంది. ‘దయచేసి కాసేపాగి ప్రయత్నించండి’ అనే పేజీని కొన్ని సర్వర్లు 200 కోడ్‌తో పంపుతాయి. ఆ కోడ్ చూసి జేమీటర్ దాన్ని విజయం కిందే లెక్కేస్తుంది. పేజీలో విద్యార్థి మార్కులు నిజంగా ఉన్నాయా అని అసెర్షన్‌తో చూడకపోతే, పడిపోయిన సైట్‌కు మనమే పాస్ మార్కులు వేసినట్టు.

మనుషులు కూడా ఒకేలా ప్రవర్తించరు. పాసైనవారు మెమో డౌన్‌లోడ్ చేసుకుంటారు. తప్పినవారు సప్లిమెంటరీ ఫీజు తేదీల కోసం వెతుకుతారు. కంగారులో నంబరు తప్పు కొట్టేవారు కొందరు. పేజీ ఆలస్యమైతే మళ్లీ మళ్లీ రిఫ్రెష్ కొట్టేవారు అందరూ! ఈ రిఫ్రెష్‌లే నీరసించిన సర్వర్‌ను పూర్తిగా పడుకోబెడతాయి. ‘ఫలితం రాకపోతే మూడుసార్ల వరకు మళ్లీ అడుగు’ అన్న ఒక్క కండిషన్ మీ స్క్రిప్టులో ఉంటే ఆ ప్రమాదం ముందే కనిపిస్తుంది.

యూజర్ నడిచే దారిని తక్కువ అంచనా వేస్తే ఏమవుతుందో అమెరికా ప్రభుత్వం చవిచూసింది. ఆరోగ్య బీమా కోసం 2013 అక్టోబర్ 1న హెల్త్‌కేర్ డాట్ గవ్ సైట్‌ను ప్రారంభిస్తే, మొదటి రోజు బీమాలో చేరగలిగింది ఆరుగురే. కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి, ధరలు చూసి పోదామని వచ్చినవారు కూడా ముందు ఖాతా తెరవాల్సి రావడం. జనమంతా ఒకే గుమ్మం దగ్గర ఇరుక్కున్నారు.

అతి కూడా వద్దు

కండిషన్లు ఎక్కువైతే లోడ్ పంపే కంప్యూటరే ముందు అలసిపోతుందని కొందరు సీనియర్లు అంటారు. నిజమే. ఇఫ్ కంట్రోలర్‌లో జావాస్క్రిప్ట్ రాస్తే వేగం తగ్గుతుంది, అందుకే జేమీటర్ పత్రాలే గ్రూవీ లేదా జెక్స్‌ల్ వాడమంటాయి. గ్రాఫికల్ స్క్రీన్‌లో కాకుండా కమాండ్ లైన్‌లో టెస్ట్ నడపమని కూడా చెబుతాయి. నా మటుకు నేను పది దారులు రాయను. ఎక్కువమంది నడిచే మూడు, నాలుగు దారులు చాలంటాను. ఫలితం మారితే కారణం చెప్పగలిగేంత సరళంగా స్క్రిప్ట్ ఉండాలి.

ఉద్యోగ వేటలో ఉన్నవారికి నా సలహా ఒక్కటే. ఇంకో సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టే ముందు, మీ ల్యాప్‌టాప్‌లోనే ఒక చిన్న ఫలితాల సైట్ తయారు చేయండి. జేమీటర్ ఉచితం. పైథాన్ వచ్చినవారికి లోకస్ట్ ఉంది, అదీ ఉచితమే. ముందు ఒకే నంబరుతో, తర్వాత వెయ్యి నంబర్లతో, ఆ తర్వాత కండిషన్లతో నడిపి మూడు రిపోర్టులూ పక్కపక్కన పెట్టండి. తేడా ఎందుకొచ్చిందో ఒక పేజీలో రాసుకోండి. ఒక్క హెచ్చరిక: సరదాకైనా నిజమైన ఫలితాల సైట్ మీదో, కాలేజీ సైట్ మీదో ప్రయోగం చేయొద్దు. అనుమతి లేకుండా సర్వర్‌ను స్తంభింపజేస్తే ఐటీ చట్టం–2000 కింద చిక్కుల్లో పడతారు.

ఆ ఒక్క పేజీ పట్టుకుని ఇంటర్వ్యూకు వెళ్లండి. ‘ఎంతమందితో టెస్ట్ చేశారు?’ అని అడిగితే వెయ్యి అనో, రెండు వందలనో చెప్పండి, అంకె పెద్దది కాకపోయినా ఫర్వాలేదు. ఆ వచ్చినవాళ్లెవరు, ఏం చేశారు, ఎక్కడ ఆగిపోయారు అన్నది చెప్పగలిగితే చాలు. మేం వినాలనుకునేది అదే.