టీకా కనిపెట్టాక మొదలయ్యే పని

మ్యాక్స్ థీలర్ పేరు మన ప్రిలిమ్స్ నోట్సులో ఒక్క లైనుతో అయిపోతుంది: ఎల్లో ఫీవర్ టీకా, 1951 నోబెల్. అక్కడితో ఆగితే మార్కు వస్తుందేమో గానీ, రేపు అధికారిగా మీకు పనికొచ్చే పాఠం మాత్రం రాదు. టీకాను కనిపెట్టడం శాస్త్రవేత్త పని. దాన్ని నమ్మదగినదిగా నిలబెట్టడం పరిపాలన పని. థీలర్ కథ మొత్తం చదివితే ఈ రెండో సగం కనిపిస్తుంది.

థీలర్ 1899లో ప్రిటోరియాలో పుట్టారు. లండన్‌లో వైద్యం చదివి, 1922లో హార్వర్డ్‌లో చేరారు. ఎల్లో ఫీవర్ ఈడిస్ ఈజిప్టై దోమ ద్వారా వ్యాపించే వైరస్ జ్వరం. అప్పట్లో దానిపై ప్రయోగాలకు కోతులే ఆధారం. ఖర్చు ఎక్కువ. తెల్ల ఎలుకలతోనూ ఆ పని చేయవచ్చని ఆయన 1930లో నిరూపించారు. ఆ పరిశోధనలోనే ఆయనకూ ఆ జ్వరం సోకింది, కానీ బతికి బయటపడ్డారు. తర్వాత రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్‌లో చేరి, ఘనాకు చెందిన అసిబి అనే రోగి నుంచి 1927లో సేకరించిన వైరస్‌ను ఎలుక, కోడి పిండాల కణజాలంలో మళ్లీ మళ్లీ పెంచుతూ వెళ్లారు. క్రమంగా అది జబ్బు చేసే శక్తిని కోల్పోయింది, రక్షణ ఇచ్చే గుణం మాత్రం నిలిచింది. 1937లో ప్రకటించిన ఆ 17డి రకమే నేటికీ ఎల్లో ఫీవర్ టీకాలకు మూలం.

ఇక రెండో సగం. 1941లో బ్రెజిల్‌లో ఈ టీకా వేయించుకున్న కొందరికి మెదడువాపు వచ్చింది. వైరస్‌ను లెక్క లేకుండా తిరిగి తిరిగి పెంచడంతో దాని గుణం మారిపోయింది. దీనికి పరిష్కారంగా ‘సీడ్ లాట్’ పద్ధతి వచ్చింది. రైతుకు మూలవిత్తనం ఎలాగో ఇదీ అంతే: పరీక్షించిన ఒకే నిల్వ నుంచి, నిర్ణీత సార్లు మాత్రమే పెంచి ప్రతి బ్యాచ్ తయారుచేయాలి. 1942లో ఇంకో దెబ్బ. టీకాలో కలిపిన మనిషి సీరం ద్వారా హెపటైటిస్-బి సోకి, వేల మంది అమెరికన్ సైనికులు కామెర్ల పాలయ్యారు. దాంతో సీరం వాడకం ఆపేశారు. ఈ రెండుసార్లూ మూల ఆవిష్కరణ తప్పు కాదు, తయారీలో, పర్యవేక్షణలో లోపం.

ఇవన్నీ పాత సంగతులని కొట్టిపారేయకండి. 17డి ఆధారంగానే తయారైన డెంగీ టీకా డెంగ్‌వాక్సియాను ఫిలిప్పీన్స్ 2016లో బడిపిల్లలకు వేయడం మొదలుపెట్టింది. అంతకుముందు డెంగీ రానివారికి ఈ టీకా వేస్తే, తర్వాత డెంగీ సోకినప్పుడు జబ్బు తీవ్రమయ్యే ముప్పు పెరగవచ్చని 2017 నవంబరులో తయారీ సంస్థే ప్రకటించింది. అప్పటికే 8 లక్షల మందికి పైగా పిల్లలకు వేసేశారు. కార్యక్రమం ఆగింది. మిగతా టీకాల మీద కూడా తల్లిదండ్రుల నమ్మకం సడలింది. 2019లో అక్కడ తట్టు విజృంభించింది.

మనకిది ఎందుకంటే, డెంగీని మోసేదీ ఆ ఈడిస్ దోమే. ఐసీఎంఆర్, పనేసియా బయోటెక్ కలిసి 2024 ఆగస్టులో మన దేశంలో డెంగీ టీకా మూడో దశ ప్రయోగాలు మొదలుపెట్టాయి.

ఇన్ని జాగ్రత్తలంటూ కూర్చుంటే ఈలోపు ప్రాణాలు పోవా అని మీరు అడగవచ్చు. సరైన ప్రశ్నే. అయితే బ్రెజిల్ అనుభవం తర్వాత 17డిని ఎవరూ పారేయలేదు. లోపాన్ని వెతికారు, ఒప్పుకున్నారు, సరిదిద్ది కొనసాగించారు. జాగ్రత్త అంటే ఆలస్యం కాదు, నిఘా. టీకా వేశాక ఎవరికైనా ఇబ్బంది వస్తే నమోదు చేయడం, కారణం తేల్చడం, ఉన్నది ఉన్నట్టు జనానికి చెప్పడం. జిల్లా స్థాయిలో ఇందుకోసం ఏఈఎఫ్‌ఐ కమిటీలున్నాయి. అవి కాగితం మీద మిగులుతాయా, పనిచేస్తాయా అన్నది రేపు మీ కుర్చీ మీదే ఆధారపడుతుంది. ‘ఏమీ కాదు, వేయించుకోండి’ అని తల్లికి చెప్పడం తేలిక. ‘ఇదీ లాభం, ఇదీ ముప్పు, ఏదైనా అయితే మేమున్నాం’ అని చెప్పగలిగితేనే ఆ తల్లి రెండో బిడ్డను కూడా తీసుకొస్తుంది.

సాధన ప్రశ్న: ప్రజారోగ్యంలో వేగం, పారదర్శకత పరస్పర విరుద్ధాలా? టీకా కార్యక్రమాల ఉదాహరణలతో చర్చించండి. (250 పదాలు)