మనవాళ్ళే పంపారన్న నమ్మకం

సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాలకు వాట్సాప్ బృందం కేవలం కాలక్షేపం కాదు. బంధువర్గం రెండు మూడు రాష్ట్రాలలో చెదరి ఉన్నప్పుడు తెలుగులో మాట్లాడుకొనే అరుగు అది. అందుకే అక్కడికి వచ్చిన మాటను మనం పరీక్షించము. పంపినవారెవరో చూచి నమ్ముతాము. అందరూ మనవాళ్ళే అయిన చోట అడ్డుమాట లేవదు.

2018 జూలైలో బీదరు జిల్లా ముర్కి వద్ద జరిగినది మరువరాదు. హైదరాబాదు నుంచి వెళ్ళిన యువకులు దారిలో పిల్లలకు చాక్లెట్లు పంచారు. పిల్లలనెత్తుకుపోయేవారంటూ వారి దృశ్యాలు వాట్సాప్‌లో ముందరి ఊరికి వారికంటే ముందే చేరాయి. ఒకరిని కొట్టి చంపారు. ఆ యేడు ఇట్టి భయాన్ని పెంచిన వీడియోలలో ఒకటి కరాచీలో పిల్లల రక్షణకై తీసిన ప్రచారచిత్రం. పిల్లవాణ్ణి తిరిగి అప్పగించే చివరిభాగాన్ని ఎవరో కత్తిరించారు. ఒక సందేశాన్ని ఒకేసారి అయిదింటికి మించి పంపరాదని వాట్సాప్ సంస్థ ఆ నెలలోనే మన దేశంలో కట్టడి ప్రకటించింది. అయిదు బృందాలంటే మనకు ఒక తాలూకా చుట్టాలందరూ!

పుకారు గొంతుతో, బొమ్మతో వస్తుంది. ఖండన అక్షరాలలో వస్తుంది. తెలుగు మాట్లాడుతూ కన్నడమో తమిళమో ఒడియానో మాత్రమే చదివిన ఇళ్ళలో ఆ తెలుగు అక్షరాలను చదివేదెవరు? కనుక ఖండన కూడా తెలుగు గొంతుతో, అదే బృందంలో వినిపించాలని నా అభిప్రాయం. పెద్దలు పంపినదానిని కాదనడం మర్యాద కాదని చదువుకున్న పిల్లలు ఊరకుంటున్నారు. చాటున నవ్వుకుంటున్నారు కూడా. ఆ మర్యాద నాకు నచ్చదు. “మామయ్యా, ఇది పాతది, మన ఊరిది కాదు” అని నాలుగు మాటలు పలికి పంపితే ఆయన అలగవచ్చు. అలగనివ్వండి.