రెట్టింపు ఆవేశం గల ప్రోటాను

రాయపూర్ పట్టణం మీద, వానలు కురిసినా కురవకపోయినా, ఒక సన్నని జల్లు ఎడతెగక పడుతూనే ఉంటుంది. ఏ గొడుగూ దానిని ఆపలేదు. అరచేయి చాచి నిమిషం సేపు నిలిస్తే దాదాపు నూరు కణాలు చర్మాన్నీ, ఎముకనూ, క్రింది నేలనూ దాటిపోతాయి. ఇవి మ్యూయాన్లు. అంతరిక్షం నుండి వచ్చే ప్రోటాన్లు పదిహేను ఇరవై కిలోమీటర్ల ఎత్తున గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కేంద్రకాలను ఢీకొన్నప్పుడు పయాన్లు అనే మెసాన్లు జన్మిస్తాయి. విద్యుదావేశం గల పయాన్ నిలకడగా ఉన్నచో దాని ఆయుర్దాయం సెకనులో పది కోట్ల వంతులలో రెండున్నర వంతులు మాత్రమే. అది నశిస్తూ మ్యూయాన్‌ను మిగిల్చి పోతుంది. కనుక ప్రోటాన్ల తాకిడిలో మెసాన్లు పుట్టే కార్యం ఛత్తీస్‌గఢ్ వరిపొలాల పైన ఏ యంత్రమూ అవసరం లేకుండానే రాత్రింబగళ్లు సాగుతున్నది.

అయితే ఆకాశానికి ప్రశ్న వేయడం కష్టం. ఎంత శక్తి గల ప్రోటాను ఎప్పుడు వస్తుందో దాని ఇష్టం. కోరిన శక్తితో కోరినన్ని సార్లు కొట్టి చూడాలంటే త్వరణయంత్రం కావాలి. రాయపూర్‌కు నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరాన, బిలాస్‌పూర్‌లోని గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయంలో ముప్పై లక్షల వోల్టుల త్వరణయంత్రం ఒకటి ఉన్నది. అందులో ప్రోటాను పొందగల శక్తి సుమారు 60 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు. ఒక వోల్టు తేడాను దాటిన ఎలక్ట్రాన్‌కు లభించే శక్తికి ఎలక్ట్రాన్ వోల్టు అని పేరు. పదార్థాల పరిశీలనకు ఆ శక్తి చక్కగా సరిపోతుంది. కాని నిశ్చలంగా ఉన్న మరొక ప్రోటానును కొట్టి పయాన్‌ను పుట్టించాలంటే 28 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి.

ఇంత శ్రమ ఎందుకు? ప్రోటాను లోపల ఏమున్నదో తెలుసుకోవడానికి వేరే దారి తక్కువ. సంతలో కుండ కొనేవారు వేలి కణుపుతో తట్టి, మ్రోతను బట్టి దాని మంచిచెడ్డలు గ్రహిస్తారు. ప్రోటానును కూడ అట్లే తట్టి చూడవచ్చును. తగిన శక్తితో తాకినప్పుడు అది మరింత బరువైన స్థితికి లేచి, మరుక్షణమే ఒక మెసాన్‌ను విసరివేసి మామూలు స్థితికి దిగివస్తుంది. ఈ ఉద్రిక్త స్థితులకే న్యూక్లియాన్ అనునాదాలని పేరు. మరుక్షణం అన్న మాట కూడ ఇక్కడ పెద్దదే: దశాంశ బిందువు తరువాత ఇరవైమూడు సున్నాలు వ్రాసి, ఆపైన ఒక అంకె వేస్తే వచ్చే సెకను భాగమే ఆ స్థితి జీవితకాలం. దానిని ఫోటో తీయగల సాధనం లేదు. బయటికి వచ్చిన మెసాన్లను లెక్కించి, అవి ఏ దిశలో ఎంత శక్తితో వచ్చినవో కొలిచి, తాకిడి శక్తిని కొద్దికొద్దిగా మారుస్తూ రేఖాపటం గీస్తే, ఒకచోట గీత మూపురం వలె లేస్తుంది. అనునాదానికి అదే సాక్ష్యం.

ఇటువంటి స్థితి ఒకటి ఉండవచ్చునని, కొట్టి చూసే యంత్రాలు లేని రోజులలోనే, బెంగుళూరులో కూర్చుని వ్రాసిన వారు హోమీ జహంగీర్ భాభా. 1939లో కేంబ్రిడ్జి నుండి సెలవులకు వచ్చి, యుద్ధం మొదలుకావడంతో ఇక్కడనే నిలిచిపోయి, ఆయన సి.వి. రామన్ ఉన్న ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చేరారు. అప్పటికి మెసోట్రాన్ అని పిలువబడుతున్న కణానికి మెసాన్ అన్న పేరే వ్యాకరణయుక్తమని ఆ యేడే నేచర్ పత్రికలో వాదించిన వారిలో ఆయన ఒకరు. మరుసటి సంవత్సరం, 1940లో, ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ పత్రికలో ఎంతైనా పూర్ణసంఖ్యా ఆవేశం గల బరువైన మూలకణాలను గురించి ఆయన ఒక వ్యాసం ప్రకటించారు. ప్రోటాను ఆవేశం ఒకటి, న్యూట్రాన్ ఆవేశం సున్న. వీటికి తోడుగా రెండు ధనావేశాలు గల బరువైన కణమూ, ఒక ఋణావేశం గల కణమూ ఉండవచ్చునని ఆయన ఊహ. ఇంగ్లండులో వాల్టర్ హైట్లర్ కూడ స్వతంత్రంగా ఇదే దారిని నడిచారు.

వారిని ఆ దారికి నడిపిన కారణం విచిత్రమైనది. నాటి సిద్ధాంతం ప్రకారం విశ్వకిరణాలలోని మెసాన్లు కేంద్రకాలను తాకి విస్తారంగా చెదరిపోవలసి ఉండగా, గమనింపబడిన కణాలు మందపు సీసపు దిమ్మెలను కూడ దాదాపు చెదరకుండా దాటుతున్నవి. అదనపు ఆవేశ స్థితులు ఉన్నచో వాటి ప్రభావాలు ఒకదాని నొకటి రద్దు చేసుకొని చెదరడం తగ్గుతుందని గణితం చెప్పినది. అయితే సీసాన్ని దాటిన ఆ కణాలు యుకావా 1935లో ఊహించిన మెసాన్లు కావు. అవి మ్యూయాన్లు, వాటికి కేంద్రక బలంతో సంబంధమే లేదు. అసలు మెసాన్ అయిన పయాన్‌ను బ్రిస్టల్‌లో పావెల్, ఆయన సహచరులు 1947లో ఎమల్షన్ పలకలలో కనుగొన్నారు. అనగా భాభా పరిష్కరింపబూనిన చిక్కు లేనే లేదు. ఆయన చెప్పిన కణం మాత్రం ఉన్నది! విజ్ఞాన చరిత్రలో ఇటువంటివి అరుదు కావు గాని, ఇంత చక్కనిది అరుదే.

ఆ కణం జాడ షికాగోలో దొరికినది. అక్కడ 45 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల సైక్లోట్రాన్ 1951లో పనిలోకి వచ్చినది. ఎన్రికో ఫెర్మి, హెర్బర్ట్ ఆండర్సన్, వారి సహచరులు ఆ యంత్రం నుండి వెలువడిన పయాన్లను ద్రవ హైడ్రోజన్‌లోకి పంపి, ఎన్ని అడ్డగింపబడుతున్నవో లెక్కించారు. ఋణ పయాన్‌కు రెండు దారులు ఉన్నవి: అది అట్లే చెదరవచ్చును, లేదా ప్రోటానుతో ఆవేశం మార్చుకొని తటస్థ పయాన్‌గా పోవచ్చును. ధన పయాన్‌కు ఒక్కటే దారి. కనుక ఋణ పయాన్లే ఎక్కువగా అడ్డుపడవలెనని తోస్తుంది. కొలతలు తలక్రిందులుగా వచ్చినవి. ధన పయాన్‌కు ప్రోటాను ఎంతో పెద్ద అడ్డుగా నిలిచినది. శక్తి పెరిగినకొద్దీ ఆ అడ్డు వేగంగా పెరిగినది. ధన పయాన్, ప్రోటాను కలిసిన ఆవేశం రెండు. కీత్ బ్రూక్నర్ దీనిని అనునాదంగా వివరించారు. ఆ వివరణ ప్రకారం రెండింటి నిష్పత్తి మూడుకు ఒకటిగా ఉండాలి. ఫెర్మి జాగ్రత్తపరుడు, మూపురం రెండవ వైపు దిగే వరకు తీర్పు చెప్పడానికి తొందరపడలేదు. 19 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర శిఖరం, ఆపైన దిగుడు ఉన్నట్లు కొద్దికాలానికే ఇతర అమెరికన్ ప్రయోగశాలలు చూపినవి. ప్రోటాను ద్రవ్యరాశి శక్తిరూపంలో 94 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు కాగా, నేడు డెల్టా అని పిలిచే ఈ కణానిది 123 కోట్లు.

దీని ఫలితం పయాన్ల లెక్కతో ఆగలేదు. 1964లో క్వార్కుల భావన వచ్చినప్పుడు, రెండు ఆవేశాల డెల్టాలో మూడు ఒకే రకపు క్వార్కులు, మూడింటి స్పిన్‌లూ ఒకే దిశలో ఉండవలసి వచ్చినది. ఒకే స్థితిలో సర్వసమానమైన క్వార్కులు ఉండరాదని పౌలీ నియమం. గ్రీన్‌బర్గ్ ఆ యేడే, హాన్, నంబు మరుసటి యేడు, క్వార్కులకు మరొక గుణం ఉండి తీరాలని సూచించారు. తరువాత రంగు అని పేరుపడిన ఆ గుణమే నేటి కేంద్రక బల సిద్ధాంతానికి పునాది.

డెల్టా ఒంటరి కొండ వంటిది, తేలికగా కనిపిస్తుంది. తరువాతివి ఒకదానిపై ఒకటి ఒరిగి ఉంటాయి. 1964లో డేవిడ్ రోపర్ కంప్యూటరు సహాయంతో చెదరింపు కొలతలను విడదీస్తుండగా, ఎవరూ కోరని అనునాదం ఒకటి బయటపడినది. దానిని తొలగించడానికే ఆయన చాలాకాలం ప్రయత్నించారు, అది తొలగలేదు. నేడు దానికి ఆయన పేరే ఉన్నది.

మరొక ఇబ్బంది ఏమనగా, క్వార్కుల లెక్క ప్రకారం ఉండవలసిన అనునాదాల కంటె కనిపించినవి తక్కువ. అవి నిజంగా లేవా, లేక పయాన్‌తో మాత్రమే తట్టడం వల్ల పలకడం లేదా? ఇందులో తేలవలసినది చిన్న విషయం కాదు. అవి లేనిచో, ప్రోటానులో మూడు క్వార్కులు స్వేచ్ఛగా కదులుతున్నవన్న చిత్రమే మారవలసి ఉంటుంది. అందుకే అమెరికాలోని జెఫర్సన్ ప్రయోగశాలలో 1998 నుండి 2012 వరకు, జర్మనీలోని బాన్, మైన్జ్ నగరాలలో కూడ, హైడ్రోజన్‌పై గామా కిరణాలను పంపి పయాన్లనే గాక ఈటా, కేయాన్ మెసాన్లను సైతం కొలిచారు. లక్ష్యంలోని ప్రోటాన్ల స్పిన్‌లను ఒక దిశకు తిప్పి కొలవడం వల్ల, కలిసిపోయిన కొండలు విడివడినవి. అంతర్జాతీయ కణ పట్టికలో అనునాదాలకు, భోజనశాలలకు వలె, ఒకటి నుండి నాలుగు నక్షత్రాలు ఇస్తారు. అనుమానాస్పదంగా ఉండిన 190 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల అనునాదం ఒకటి కేయాన్ కొలతల బలంతో 2018లో నాలుగు నక్షత్రాలకు ఎక్కినది. మిగిలినవాటి వేట సాగుతున్నది.

యంత్రాలు లేని భారతదేశంలో భాభా ఆకాశాన్నే ఆశ్రయించారు. ఆయన స్థాపించిన టాటా సంస్థ ఎమల్షన్ పలకలను బెలూన్లలో పైకి పంపినది. 1969లో హైదరాబాదులో అందుకు శాశ్వత కేంద్రం ఏర్పడినది. అక్కడి ఆకాశంలో భూమి అయస్కాంతక్షేత్రమే జల్లెడగా పనిచేసి, సుమారు 1,700 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులకు తక్కువైన ప్రోటాన్లను నిలువునా రానీయదు.

ఆకాశంలో డెల్టా మరొక పని కూడ చేస్తుందని 1966లో, భాభా విమాన ప్రమాదంలో మరణించిన యేడే, గ్రైసెన్, జాట్సెపిన్, కుజ్మిన్ లెక్కగట్టారు. అత్యధిక శక్తి గల ప్రోటాను విశ్వమంతటా నిండిన సూక్ష్మతరంగ కాంతిని తాకితే డెల్టాగా మారి, పయాన్‌ను విసరి, శక్తిని కోల్పోతుంది. కనుక దూరపు నక్షత్రమండలాల నుండి అట్టి ప్రోటాన్లు భూమిని చేరడం అరుదు కావలెను. ఆ శక్తి దగ్గర విశ్వకిరణాల సంఖ్య హఠాత్తుగా తగ్గుతున్నదని అమెరికా, అర్జెంటీనాలలోని పరిశోధకులు 2008లో చూపారు. ఆ తగ్గుదల డెల్టా వల్లనా, లేక వాటిని పంపే మూలాల శక్తియే అక్కడ అయిపోవడం వల్లనా అన్నది ఇంకా తేలలేదు.