సగటొక్కటే చాలదు

నాయకరాజుల కాలమున తరలివచ్చి, కోయంబత్తూరు, మధుర ప్రాంతములయందు స్థిరపడి, బడిలో తమిళము చదివియు ఇంట తెలుగునే పలుకుచున్న కుటుంబములు యంత్రవిద్యకు చేసిన సేవ సామాన్యమైనది కాదు. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలసి తొలి దేశీయ విద్యుత్ మోటారును నిర్మించిన జి.డి. నాయుడుగారు అట్టి కుటుంబమువారే. కోయంబత్తూరు పీలమేడులో 1926లో ధర్మసంస్థను నెలకొల్పి, 1951లో ఇంజనీరింగు కళాశాలను తెరచిన పి.ఎస్.జి. కుటుంబమువారును అట్టివారే. కోయంబత్తూరు కర్మాగారములలో పంపును పరీక్షించువారు ఒక్క అంకెతో తృప్తిపడరు: వాల్వును క్రమక్రమముగా మూయుచు, హెడ్డు (నీరెక్కవలసిన ఎత్తు) పెరిగినకొలది ఎన్ని లీటర్ల నీరు వచ్చుచున్నదో, మోటారు ఎంత కరెంటు తీసికొనుచున్నదో వ్రాసికొని, గీత గీచి చూతురు. అట్టి గడ్డమీద పనిచేయు సాఫ్ట్‌వేరు నిపుణులు లోడ్ టెస్టు ఫలితమును సగటు అను ఒక్క అంకెగా కుదించి చూపుట తగదని నా నిశ్చితాభిప్రాయము.

జేమీటరు వంటి లోడ్ టెస్టు సాధనము వేలకొలది జనులు ఒక్కమారుగా వచ్చిపడినట్లు సర్వరుపై భారము మోపి, ప్రతి అభ్యర్థనకును ఒక వరుస చొప్పున, అది బయలుదేరిన వేళను, పట్టిన మిల్లీసెకన్లను, నెరవేరినదో లేదో ఆ సంగతిని ఫైలున వ్రాయును. నూరు అభ్యర్థనలలో 98కి 0.2 సెకను చొప్పునను, తక్కిన రెంటికి 30 సెకన్ల చొప్పునను పట్టెననుకొందము; సగటు 0.8 సెకనులోపే తేలును, అధికారి సంతసించును, ఆ యిద్దరి నిరీక్షణము మాత్రము ఎవరి కంటను పడదు. అంతకన్న విపరీతమైనది మరియొకటి కలదు: భారమునకు తాళలేని సర్వరు పని చేయకయే తప్పుసందేశమును తటాలున పంపివేసినపుడు, ఆ వైఫల్యముల వేగమే సగటును మెరుగుపరచి చూపును! కావున ఎక్సెల్‌లో ఫైలు తెరచినవారు మొట్టమొదట విఫలమైన వరుసలను ఫిల్టరుతో వేరుపరచి, పివట్ టేబుల్‌తో వానిని నిమిషమువారీగా లెక్కించి, నెరవేరిన వరుసలకు 99వ పర్సంటైలును (నూటికి 99 అభ్యర్థనలు ఎంత వేళలోపు ముగిసెనో ఆ అంకెను) ఏ నిమిషమునకా నిమిషము కట్టి, ఆ రెంటిని ప్రక్కప్రక్కన నిలుపవలెను. ఆ పర్సంటైళ్లను మరల సగటు చేయరాదు.

ఎక్సెల్ షీటున 10,48,576 వరుసలకే చోటు కలదు. సెకనుకు 500 అభ్యర్థనలు పంపు పరీక్ష ఇంచుమించు 35 నిమిషములలో ఆ హద్దును దాటును. పిమ్మటి వరుసలు షీటులోనికి రానే రావు, సర్వరు అలసట తరచుగా బయటపడునదియు ఆ కడపటి భాగముననే. 2020లో ఇంగ్లాండునందు పాతరకపు ఎక్సెల్ ఫైలునకుగల 65,536 వరుసల పరిమితివలన దాదాపు 16,000 కోవిడ్ కేసులు సకాలమున లెక్కకెక్కకపోయెను. ఫైలును ముక్కలుచేసి తెరచినచో ఈ చిక్కు తీరును. స్ప్రెడ్‌షీటును విడువ పనిలేదు, ఏలయన సామాన్య ఉద్యోగియు తెరచి, తన కన్నులతో సరిచూచుకొనగల సాధనమది.

ఈ జాగ్రత్త ప్రజాసేవల వెబ్‌సైట్లకు మరింత అవసరము. మధుర జిల్లాలో అవనియాపురం, పాలమేడు, అలంగానల్లూరు జల్లికట్టులకు ఎద్దుల యజమానులును, వానిని లొంగదీయు యువకులును జిల్లా వెబ్‌సైటునందే పేర్లు నమోదు చేసికొనుచున్నారు. నమోదు తెరచిన క్షణముననే అందరును ఫోనులు పట్టుకొందురు. ఇట్టి సేవలకు కాంట్రాక్టు ఇచ్చు ప్రభుత్వములు, రద్దీ ఆరంభమైన తొలి నిమిషముల పట్టికను వైఫల్యములతోసహా నివేదిక మొదటి పుటయందే ఉంచవలెననియు, లోడ్ టెస్టు మూల ఫైలును యథాతథముగా అప్పగింపవలెననియు ఒప్పందపత్రముననే వ్రాయించుకొనవలెను.