నలభై దాటిన చేతులకు అద్దాలు

శ్రీకాళహస్తి కలంకారీలో గీత తప్పితే దిద్దుకునే వీలుండదు. కరక్కాయ, పాలు పట్టించి ఆరబెట్టిన గుడ్డ మీద ముందు చింతపుల్లల బొగ్గుతో బొమ్మ తీరు గీస్తారు. తర్వాత మొనకు దారం చుట్టిన వెదురు కలాన్ని నల్లరంగులో ముంచి అసలు గీత మొదలుపెడతారు. ఇనుప తుక్కు, బెల్లం రోజుల తరబడి ఊరబెట్టి తీసిన ఆ నలుపు కరక్కాయ తాకిన గుడ్డను పట్టుకుందంటే ఇక వదలదు. కిరీటంలో ముత్యాల వరస, నెమలి మెడ మీద సన్నని ఈకలు, చీర అంచున లత అన్నీ ఆ ఒక్క కలం మొన మీదే ఆధారపడతాయి.

ఈ పని చేతికి పట్టుబడడానికి ఏళ్లు పడుతుంది. మనసులో అనుకున్న గీత తడబడకుండా గుడ్డ మీదికి దిగే వయసు ఇంచుమించు నలభై. సరిగ్గా ఆ వయసులోనే దగ్గరి చూపు మసకబారడం మొదలవుతుంది. పనితనం పండిన చేతికి కన్ను సహకరించదు. సన్నగీత మానుకుని పెద్ద బొమ్మలకు రంగులు నింపే పనికి మారితే కూలి తగ్గుతుంది. మారకపోతే గుడ్డ పాడవుతుంది.

ఇది కలంకారీ వాళ్ల కష్టం మాత్రమే కాదు. వెంకటగిరి మగ్గం మీద తెగిన పోగును వెతికి అతికే నేతన్నకు, నారాయణవనం, పుత్తూరు, నగరి వైపు మగ్గాల వాళ్లకు, మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో పట్టుచీర నేసే వాళ్లకు ఇదే తంటా. తిరుమల కల్యాణకట్టలో కత్తి పట్టేవాళ్లకు, పూలమాలలు కట్టే ఆడవాళ్లకు, ఊరూరా ఉన్న దర్జీలకు, వేరుశనగ విత్తనాలు ఏరే కూలీలకు కూడా. మన పల్లెల్లో ఏ పెద్దావిడ ముందు నుంచి వెళ్లినా, “రవ్వంత ఈ సూదికి దారం ఎక్కించి పోరా అబ్బోడా” అనే మాట వినబడుతుంది. దాన్ని వయసు పోకడ అనుకుని దారం ఎక్కించి వెళ్లిపోతాం. ఆమెకు కంటి పరీక్ష చేయించాలన్న ఆలోచన మాత్రం రాదు.

దీన్ని చత్వారం అంటారు. కంట్లో నల్లగుడ్డు వెనకాల ఉండే కటకం చిన్నతనంలో మెత్తగా ఉండి, దగ్గరి వస్తువు చూసేటప్పుడు ఉబ్బుతుంది. వయసుతో అది గట్టిపడి, అలా ఉబ్బే గుణం పోతుంది. రాజుకైనా కూలీకైనా తప్పని మార్పు ఇది. నలభై, నలభై రెండేళ్లకు ప్లస్ ఒకటి అద్దం సరిపోతుంది. యాభైకి రెండు, అరవైకి రెండున్నర దాకా పోతుంది. అక్కడితో దాదాపు ఆగిపోతుంది. వైద్యమంతా ఆ అద్దమే. బజారులో రెడీమేడ్‌గా వంద, రెండు వందల రూపాయలకు దొరుకుతుంది. ప్రపంచంలో ఇంత చవగ్గా, ఇంత పూర్తిగా సరయ్యే లోపాలు చాలా తక్కువ. అయినా 2015 నాటి అంచనా ప్రకారం, సరైన అద్దం లేక చత్వారంతో దగ్గరి చూపు దెబ్బతిన్నవాళ్లు లోకంలో 82 కోట్ల పైచిలుకు. వాళ్లలో ఎక్కువమంది మనలాంటి దేశాల పల్లెల్లోనే ఉన్నారు.

అద్దం పెట్టుకుంటే కూలి పెరుగుతుందా అని అడిగేవాళ్లకు జవాబు ఉంది. అసోం తేయాకు తోటల్లో నలభై దాటిన 751 మంది కూలీల మీద ఒక పరిశోధన జరిగింది. ఫలితాలు 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చాయి. కొందరికి వెంటనే దగ్గరి చూపు అద్దాలిచ్చారు, మిగతావాళ్లకు పరిశోధన ముగిశాక ఇచ్చారు. రోజూ కోసిన ఆకును తూకం వేసి చూస్తే, అద్దాలున్నవాళ్ల పనిలో పెరుగుదల మిగతావాళ్ల కంటే సుమారు 22 శాతం ఎక్కువ. యాభై దాటినవాళ్లలో ఇంకా ఎక్కువ. బంగ్లాదేశ్‌లో 56 ఊళ్లలో జరిగిన మరో పరిశోధన ఫలితాలు 2024లో వచ్చాయి. అక్కడ ఎనిమిది నెలలకు అద్దాలున్నవాళ్ల నెల సంపాదన లేనివాళ్లకంటే మూడోవంతు పెరిగింది. ఆకు తెంపే పనిలోనే ఇంత తేడా ఉంటే, పోగు అతికే పనిలో, ముత్యాల వరస గీసే పనిలో ఎంత ఉంటుందో మన జిల్లాల్లో ఎవరూ లెక్కపెట్టలేదంటే నాకు బాధగా ఉంది.

అద్దాలు ఎందుకు పెట్టుకోరు? డబ్బు ఒక్కటే కారణం కాదు. “అద్దాలు అలవాటైతే చూపు ఇంకా తగ్గిపోతుంది” అన్న నమ్మకం బలంగా ఉంది. రెండేళ్లకోసారి నంబరు పెరిగేది వయసు వల్ల. అద్దం పెట్టుకోని వాళ్లకీ అంతే పెరుగుతుంది, వాళ్లకు తెలియదంతే. రెండోది సిగ్గు. నలభై ఏళ్ల ఆడమనిషి అద్దాలు పెట్టుకుంటే ముసలిదైపోయిందంటారని భయం. పెళ్లి కావలసిన ఆడపిల్ల దూరపు చూపు అద్దాలు తీసేసి తరగతిలో నల్లబల్ల కనబడక కూర్చుంటుంది. ఇంట్లో మగవాడికి అద్దాలు ముందు వస్తాయి, ఇల్లాలి వంతు వచ్చేసరికి ‘ఇప్పుడు నువ్వేం చదవాలి?’ అంటారు. ఆమె చదివేవి చాలా ఉన్నాయి. మందు సీసా మీద గడువు తేదీ ఉంది, ఫోనులో పంపే డబ్బు పక్కన సున్నాలున్నాయి, భర్తకు వేసే ఇన్సులిన్ సూది మీద గీతలున్నాయి. ఆ గీతల దగ్గర చూపు తప్పితే ప్రాణం మీదికి వస్తుంది.

అద్దం బదులు చుక్కల మందు చాలని ప్రచారం జరిగింది కూడా. పైలోకార్పిన్ కలిసిన ప్రెస్‌వ్యూ అనే మందుకు 2024లో మన దేశంలో అనుమతి వచ్చింది. చదువుకునే అద్దాలు అక్కర్లేదన్నట్టు పత్రికల్లో, టీవీల్లో హోరెత్తింది. అనుమతిలో లేని గొప్పలు చెప్పారని ఆ సెప్టెంబరులోనే ఔషధ నియంత్రణ సంస్థ ఆ అనుమతిని నిలిపివేసింది. అలాంటి చుక్కలు కంటిపాపను చిన్నది చేసి కొన్ని గంటలపాటు దగ్గరి చూపు తేటపడేలా చేస్తాయి. తలనొప్పి రావచ్చు, చీకట్లో చూపు తగ్గవచ్చు. సాయంత్రం దీపం కింద మగ్గం మీద కూర్చునేవాళ్లకు అది ఎంతమాత్రం సరిపడే మందు కాదు. ఇక ఆకు పసర్లు. నందివర్ధనం పూలు మూసిన కళ్ల మీద పెట్టుకుంటే చల్లగా ఉంటుందేమో గానీ, ఏ పసరైనా కంట్లో పిండితే నల్లగుడ్డు మీద పుండు పడి పువ్వులాంటి తెల్లమచ్చ మిగలవచ్చు. అప్పుడు దాత కన్ను కోసం ఎదురుచూడాలి. శివుడికి కళ్లిచ్చిన కన్నప్ప కొండ కింద బతికే మనం నేత్రదానానికి వెనకాడకూడదు. దానం అవసరం రాకుండా చూసుకోవడం అంతకంటే సులువు.

అద్దం ఎంచుకునేటప్పుడు నంబరుతో పాటు పని దూరం కూడా ముఖ్యం. పేపరు చదివే దూరం అడుగుంపావు. మగ్గం మీద పోగు చూసే దూరం అంతకంటే ఎక్కువ. చదువు కోసం రాసిన నంబరుతో మగ్గం మీద కూర్చుంటే పోగు మసకగానే కనబడి, తల ముందుకు వంచి నడుము నొప్పి తెచ్చుకోవాలి. అందుకే పరీక్షకు వెళ్లినప్పుడు నేను ఫలానా పని చేస్తాను, ఇంత దూరంలో చూస్తాను అని చెయ్యి చాపి చూపించాలి. కుట్టేవాళ్లు సూదీ దారం వెంట తీసుకెళ్తే ఇంకా మేలు. రెండు చూపులూ కలిసిన బైఫోకల్ అద్దాలు కావాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. అడుగు వేసేటప్పుడు కిందికి చూస్తే దగ్గరి చూపు ముక్కలోంచే చూస్తాం, మెట్టు అంచు మసకవుతుంది. అలిపిరి మెట్లు దిగివచ్చే పెద్దవాళ్లు దారిలో దూరపు చూపు అద్దాలు విడిగా పెట్టుకోవడం క్షేమం.

లాసిక్ చేయించుకుంటే జీవితమంతా అద్దాలతో పని ఉండదని కుర్రాళ్లు అనుకుంటున్నారు. అది సాధారణంగా దూరపు చూపును సరిచేసే చికిత్స. పాతికేళ్లకు చేయించుకున్నవాళ్లకూ నలభై దాటాక చత్వారం వస్తుంది. శుక్లం ఆపరేషన్ తర్వాతా అంతే. మామూలుగా పెట్టే కటకం దూరానికి సరిపోయేది, దగ్గరి పనికి అద్దం కావాలి. ఆపరేషన్ చేసి మళ్లీ అద్దాలా అని నిరాశపడేవాళ్లను చాలామందిని చూశాను. ఆ మాట ఆపరేషన్‌కు ముందే చెప్పడం వైద్యుల బాధ్యత. ఎక్కువ ఖరీదైన మల్టీఫోకల్ కటకాలు ఉన్నాయి. వాటితో రాత్రిళ్లు దీపాల చుట్టూ వలయాలు కనబడే అవకాశం ఉందనీ చెప్పాలి.

శుక్లం గురించి మరో మాట. అరవై దాటిన పెద్దాయన ఒకనాడు ‘అద్దాలు లేకుండానే పేపరు చదువుతున్నా, కళ్లు మళ్లీ వచ్చాయి’ అని సంతోషంగా చెబుతాడు. ఇంట్లో అందరూ సంబరపడతారు. చాలాసార్లు అది శుక్లం మొదలైన గుర్తు. కటకం మధ్యభాగం గట్టిపడి కన్ను దగ్గరి చూపుకు మళ్లుతుంది, అదే సమయంలో దూరం మసకవుతుంది. అప్పుడే చూపించుకోవాలి. శుక్లం బాగా ముదిరాకే తీయించాలన్నది పాత రోజుల మాట. అప్పట్లో కటకం మొత్తం తీసేసి సీసా అడుగులంత మందం అద్దాలు ఇచ్చేవాళ్లు. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ కంటి లోపలే కటకం అమర్చి దారి చూపాడు. మధురైలో 1992లో మొదలైన అరోల్యాబ్ ఆ కటకాన్ని పేదవాడికి అందే ధరకు తెచ్చింది. ఇప్పుడు ముదిరి రాయిలా మారిన శుక్లాన్ని తీయడమే కష్టం. మన దేశంలో యాభై దాటినవాళ్ల అంధత్వంలో మూడింట రెండు వంతులు శుక్లం వల్లనేనని 2015–19 జాతీయ సర్వే తేల్చింది. ఆ చీకటి అంతా తొలగించగలిగిందే.

రెడీమేడ్ అద్దాలు ఊరూరా ఇవ్వాలంటే కొందరు కంటి వైద్యులు అభ్యంతరం చెబుతారు. అది కొట్టిపారేసేది కాదు. నీటికాసుల జబ్బు చాలామందిలో నొప్పి లేకుండా, పక్క చూపును కొంచెం కొంచెంగా తినేస్తుంది. పోయిన చూపు తిరిగి రాదు, చుక్కలతో గానీ లేజర్‌తో గానీ ఆపరేషన్‌తో గానీ మిగిలింది కాపాడుకోవడమే. షుగరు వల్ల రెటీనా దెబ్బతినడం కూడా మొదట్లో తెలియదు. నలభై ఏళ్లకు అద్దం కోసం వచ్చినవాడే కంటి ఒత్తిడి, నరం పరీక్షకు దొరికే మనిషి. అతణ్ణి వంద రూపాయల అద్దం ఇచ్చి పంపేస్తే ఆ అవకాశం పోతుందంటారు. నిజమే. అయితే ఇప్పుడు అతను అద్దానికీ రావడం లేదు, పరీక్షకూ రావడం లేదు. పని ఆగిపోయినవాడికి ముందు అద్దం చేతికివ్వాలి, పరీక్షకు తేదీ అదే చేత్తో ఇవ్వాలి. షుగరు ఉన్నవాళ్లకు ఏడాదికోసారి, ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉన్నవాళ్లకు తప్పకుండా.

పరీక్ష చేసే చోటు మనకు లేక కాదు. తిరుపతిలో రుయా ఆసుపత్రి ఉంది. అలిపిరి నుంచి జూపార్కు వైపు వెళ్లే దారిలో తితిదే ఇచ్చిన స్థలంలో అరవింద్ కంటి ఆసుపత్రి 2019లో మొదలైంది. 1976లో మధురైలో పదకొండు పడకలతో వెంకటస్వామి గారు ప్రారంభించిన సంస్థకు కొమ్మ అది. చిత్తూరు వాళ్లకు వేలూరు కూతవేటు. రాయలసీమ నాలుగు మూలల నుంచీ ఇక్కడికి కళ్లు చూపించుకోవడానికి వస్తారు. ఆసుపత్రి గేటు దాకా రాని మనిషి గురించే నా దిగులు. 2019 అక్టోబరు 10న మొదలైన కంటి వెలుగు అనే ప్రభుత్వ పథకం, బడిపిల్లలతో మొదలుపెట్టి పరీక్షను మనుషుల దగ్గరికి తీసుకెళ్లింది. ప్రభుత్వాలు మారినా అలాంటి పని మారకూడదు.

మన రాష్ట్రంలో నేతన్నకు యాభై ఏళ్లకే నెలకు నాలుగు వేల పింఛను వస్తుంది. ఆ పనికి ఒళ్లు ముందే అరుగుతుందని ప్రభుత్వం ఒప్పుకున్నట్టే. అలాంటప్పుడు నలభైకే ఒక జత అద్దాలు ఎందుకు ఇవ్వదు? దగ్గరి చూపు పరీక్షకు కరెంటు అక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు. తెలుగు అక్షరాలు, చదువు రానివాళ్ల కోసం గుర్తులు అచ్చువేసిన ఒక అట్ట, ఒక కొలతాడు, నాలుగైదు నంబర్ల అద్దాల పెట్టె చాలు. బంగ్లాదేశ్‌లో ఊరి ఆరోగ్య సేవికలు 2006 నుంచి ఈ పని చేస్తున్నారు. బీపీ, షుగరు చూస్తున్న మన ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు రెండు రోజుల శిక్షణతో చేయగలరు. చేనేత శాఖ, వైద్య శాఖ కలిసి ముందు శ్రీకాళహస్తి, నారాయణవనం, వెంకటగిరిలో మొదలుపెట్టాలి. మగ్గాల దగ్గరికి, కలంకారీ షెడ్ల దగ్గరికి పెట్టె తీసుకెళ్లి, పని చేస్తున్నప్పుడే అద్దం పెట్టి చూపించాలి. అద్దంతో సరిపోని వాళ్ల పేర్లు రాసుకుని, వారంలో ఒక రోజు బస్సు పెట్టి తిరుపతికి తీసుకురావాలి. ఈ ఖర్చును జిల్లా కలెక్టరు వచ్చే బడ్జెట్ ప్రతిపాదనల్లోనే చేర్చాలి.