ఒక్క అంకెతో తీర్పులా?

వెంబన్యామా తొలి ఏడాదే లెబ్రాన్ అంతటివాడైపోయాడని లంచ్ టేబుల్ దగ్గర ఒకటే గోల. ఆధారం? 2023-24 ఎన్.బి.ఏ. సీజన్లో 36 నిమిషాల ఆటకి లెక్కేస్తే ఇద్దరికీ ఇంచుమించు 26 పాయింట్లే.

అయ్యా, నేనూ కోడు రాసుకు బతికేవాణ్ణే. మ్యాచికి 29.7 నిమిషాలాడిన కుర్రాణ్ణీ, 35.3 ఆడిన సీనియర్నీ ఉత్త సగటుతో పోల్చకూడదు, ఒప్పుకుంటా. కానీ అక్కడే ఆగిపోతే ఎలా? లెబ్రాన్ షాట్లలో 54 శాతం పడ్డాయి, కుర్రాడివి 46.5. అసిస్టులు మ్యాచికి 8.3 ఎక్కడ, 3.9 ఎక్కడ! పోనీ కుర్రాడు తీసికట్టా? అతని బ్లాకులు 3.6, లెబ్రాన్‌వి 0.5. ఇవేవీ ఆ 26లో కనపడవు.

ఒక్క అంకె ఇద్దరికీ అన్యాయమే చేసింది. గణాంకాలున్నది ఇంకో ప్రశ్న అడగటానికండీ, నోరు మూయించడానికి కాదు.